చిన్నమ్మికి కథలెవరు చెబుతున్నారు?

3 జులై, గురువారం. మధ్యాహ్నం 3.10

212 నంబరు నవల అయింది. తెలుగు సంఘం బీరువాలో పుస్తకాలన్నింటికీ ఒకటే గోధుమరంగు బైండు వేయించారు. పేర్లు పోయి నంబర్లే మిగిలాయి. నాకదే హాయి. ముప్పై నాలుగేళ్లు ఇంజన్లను నంబర్లతోనే గుర్తుపట్టినవాణ్ణి.

212 రాసినాయన జన్మలో ఇంజన్ ఎక్కి ఉండడు. అందులో డ్రైవరు, అసిస్టెంటు వంద మైళ్లు మౌనంగా వెళతారు. ఎవరి దిగులు వారిది. శుద్ధ అబద్ధం! సిగ్నల్ కనబడగానే వేలు చూపించి దాని రంగు గట్టిగా పిలవాలి, అంటే పైకి చెప్పాలి. అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి. ఒకరు చూస్తే చాలదు, ఇద్దరూ చూసినట్టు తేలాలి. ఇంత చిన్న సంగతి తెలియని మనిషి మిగతాది మాత్రం నిజం రాశాడని ఏం నమ్మకం?

ఇంకో సంగతి. పొద్దున కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. నీటికాసులట. కుడికన్ను సగం పోయిందట. పోయింది తిరిగి రాదట. చుక్కల మందు టూల్‌బాక్సులో దాచాను. నా భార్య చిన్నమ్మికి చెప్పను. చెబితే ముందు ఆమె చేసే పని పుస్తకాలు మాన్పించడం. బీరువాలో ఇంకా నూట నలభై ఉన్నాయి.

5 జులై, శనివారం

స్కూటర్ తాళం కనబడటం లేదు. చిన్నమ్మి తనకేం తెలుసంది. నా మొహం చూడకుండా అంది.

8 జులై, మంగళవారం. సాయంత్రం 4.00

87 నంబరు, కథలు. ఆరు బాగున్నాయి. ఏడో కథలో వదిన మరీ మంచిది. పేజీకో త్యాగం చేసే మనిషిని నేను నమ్మను. చివరికి నా అనుమానమే నిజమైంది, పోయిన కాగితాలు ఆవిడ పెట్టెలోనే దొరికాయి.

అసలు సంగతి అది కాదు. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ చిన్నమ్మి, ఆ వదినమ్మ అలాటి మనిషని నానప్పుడే అనుకున్నాను అంది. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. చిన్నమ్మి ఇక్కడ బిలాస్‌పూర్‌లోనే పుట్టింది. ఐదో క్లాసు దాకా హిందీలో చదివింది. తెలుగులో తన పేరు కూడా రాయలేదు. ఏ వదిన అని అడిగితే, అచ్ఛా, చారు పొయ్యనా అంది.

9 జులై, బుధవారం

గిరిబాబు! బీరువా తాళం అతని దగ్గరే ఉంటుంది. ఉండేది మూడిళ్ల అవతల. నాకంటే ముందు 87 చదివిందీ అతనే. నేను సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు వచ్చి కథలు చెప్పిపోతున్నాడా?

10 జులై, గురువారం

టీ ఇస్తూ చిన్నమ్మి అంది: ఆ గిరిబాబు మన గుమ్మం తొక్కి నెల్లాళ్లయిపోనాది, మంచోడు పాపం.

నేను అతని పేరు ఎక్కడా ఎత్తలేదు. ఈ డైరీలో తప్ప.

11 జులై, శుక్రవారం

మెట్ల అంచులకు తెల్లరంగు పడింది. అందానికట. ఈ తిఫ్రా పేటలో ఇల్లు కట్టి పదిహేనేళ్లు, ఇప్పుడు కావలసి వచ్చింది అందం.

12 జులై, శనివారం

ఎడమ మోకాలు పొద్దుటినుంచి ఒకటే నొప్పి.

13 జులై, ఆదివారం. ఉదయం 11.00

నువ్వులనూనె వెచ్చచేసి తెచ్చింది. ఎడమ మోకాలికే రాసింది. నాకు ఏ మోకాలూ నొప్పి లేదు. నిన్న రాసింది ఎర. డైరీలో ఒక తలవెంట్రుక కూడా పెట్టాను. అది పెట్టినచోటే ఉంది. డైరీ తెరవలేదు, చదవడం రాదు, అయినా తెలిసిపోతోంది.

అయితే 3వ తేదీ రాసింది కూడా తెలిసిందా?

164 మొదలెట్టాను. డిటెక్టివ్ నవల. హంతకుడు వంటమనిషేనని పదో పేజీలో పట్టేశాను. ఇంట్లో సంగతే పట్టలేకపోతున్నాను.

15 జులై, మంగళవారం. సాయంత్రం 5.20

212 కోసం గిరిబాబు వచ్చాడు. పిలవకుండా గేటు దగ్గరే కాసేపు నిలబడ్డాడు. తర్వాత నవ్వుతూ, ఏటి అన్నగారూ, ఇంజను దిగి ఆరేళ్లయింది, ఇంకా సిగ్నల్ పిలుత్తన్నారేటి, మీ నవల రోడ్డు మీదికి ఇనబడతంది అన్నాడు.

చూసుకున్నాను. వేలు పేజీ మీద ఉంది. నోరు తెరిచే ఉంది.

చదివేటప్పుడే కాదు, రాసేటప్పుడూ అంతే, ప్రతి మాటా పైకే అంటున్నాను. ఇప్పుడు కూడా. ఈ కిటికీ అవతలే వంటిల్లు. 3వ తేదీ మధ్యాహ్నం ప్రతి మాటా పిలిచాను. కుడికన్ను, చుక్కల మందు, టూల్‌బాక్సు, చిన్నమ్మికి చెప్పను అన్న మాటతో సహా. అందుకే స్కూటర్ తాళం మాయం, అందుకే మెట్లకు తెల్లరంగు. పుస్తకాలు మాత్రం మాన్పించలేదు.

గిరిబాబు వెళ్లాక టూల్‌బాక్సు తీశాను. అడుగంటిన చుక్కల సీసా పక్కన కొత్తది ఉంది. నేను కొనలేదు.

పన్నెండు రోజులు ఆమె ఒక్కమాట అడగలేదు. నేనేమో దొంగను వెతికాను. సిగ్గేసింది. వంద మైళ్లు మౌనంగా వెళ్లే ఆ ఇద్దరి గురించి 212 ఆయన అబద్ధం రాయలేదేమో.

16 జులై, బుధవారం. మధ్యాహ్నం 3.00

పెదవులు బిగపట్టి రాస్తున్నాను. ఈయాల ఏటీ రాయట్లేదేటి అని వంటింట్లోంచి అడిగింది.

3.15

గట్టిగా పిలిచి రాశాను. కుడికన్ను సగం పోయింది. భయంగా ఉంది.

గిన్నెల చప్పుడు ఆగింది. వంటింట్లోంచి తిరిగి చెప్పింది. కుడికన్ను సగం పోనాది. బయంగా ఉన్నాది.