ఆదివారం ఫోను రాకముందే అమ్మకు చెప్పు

అక్క వెంకటలక్ష్మికి, ధర్మవరం నుంచి చెల్లెలు భాగ్య దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, పాప, మీ మరిది, మా అత్త అందరం కుదురుగానే ఉన్నాము. అక్కడ నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నాయన దగ్గు మందు తాగుతున్నాడా, సీసా గూట్లో పెట్టి మరచిపోయాడా? నల్ల మేక ఈనిందని విన్నాను. రెండు పిల్లలూ బతికాయా?

ఈ ఉత్తరం మీ మరిదే నీ చేతికి ఇస్తాడు. ఊర్లో ఒక పదును వాన పడిందట కదా. శనక్కాయ విత్తనం వేయాలని శుక్రవారం పొద్దున బస్సుకు వస్తున్నాడు. అక్కా, దీన్ని ఎవరూ లేనప్పుడు చదువు. ముందే చెబుతున్నాను, నేను బాగున్నాను. భయపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆదివారం లోపల నువ్వు నాకొక పని చేసి పెట్టాలి. అది చివర రాస్తాను. మొదటి నుంచి చెప్పకపోతే నీకు అర్థం కాదు.

ఫోనులో చెప్పొచ్చు కదా అనుకుంటావు. మాకున్నది ఒకే ఫోను. ఎవరు చేసినా మా అత్త స్పీకరు పెట్టమంటుంది. ఆమెకూ ఊరి గొంతులు వినాలని ఆశ. అందుకే నేను "ఆ, తిన్న్యాం, బాగుండాం" అని తప్ప ఇంకేమీ మాట్లాడను. నాకు మామూలుగానే నోరు లేదని నీకు తెలుసు. ఇప్పుడు మా అత్త పాపను ఎత్తుకుని షావుకారు ఇంటికి పోయింది. ఆమె తిరిగి వచ్చేలోపల రాసేస్తాను.

ఇక్కడి బతుకు నీకు కొంచెం చెప్పాను కదా. పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు ఇచ్చిన ఒకే గదిలో రెండు మగ్గాలు, వెనక వంటకు చిన్న చోటు. ఒక మగ్గం మా ఆయనది, ఒకటి నాది. మా అత్త కండెలు చుట్టి ఇస్తుంది, పాపను చూసుకుంటుంది. వీధి పొడుగునా మగ్గాల చప్పుడే. మొదట్లో తలనొప్పి వచ్చేది. ఇప్పుడు రాత్రిపూట కరెంటు పోయి, వెలుగు లేక ఆ చప్పుడు ఆగితేనే ఏదో అయినట్టుంటుంది. ఈ ఆషాఢం గాలికి ఇంట్లోకి దుమ్ము కొడుతోంది, పట్టు మీద పడకుండా గుడ్డలు కప్పుకోవాలి. సంగటి వారానికి రెండు సార్లే. పక్కింటి వాళ్ళు మంచివాళ్ళే, కానీ వాళ్ళతో నాకు ఏం మాట్లాడాలో తెలియదు. పాపతో మాట్లాడుకుంటాను.

ఇక అసలు సంగతి. పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో నువ్వే నా పక్కన ఉన్నావు. కడుపు కోసి తీశారు, రక్తం ఎక్కించారు. మూడో రోజు డాక్టరమ్మ వచ్చి, మూడేళ్ళ వరకు మళ్ళీ కడుపు రాకూడదు, కుట్టు గట్టిపడాలి, ఒంట్లో రక్తం పట్టాలి అని చెప్పింది. అమ్మ అప్పుడు మందులకు కిందికి పోయింది. ఆ మాట విన్నది మనిద్దరమే. దాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకో అక్కా.

నేను మూడు నెలలు మాత్రలు మింగాను. తల పగిలిపోయేది, తిన్నది కడుపులో నిలిచేది కాదు. పాపకు టీకా వేయించడానికి పోయినప్పుడు అక్కడి నర్సమ్మతో చెప్పాను. చెప్పడానికి ఎంత సేపు పట్టిందో. ఆమె ఒక చిన్న ముక్క చూపించింది, రాగి తీగ చుట్టి, కింద సన్నటి దారం ఉంది. కాపర్-టీ అంటారు. "ఇందులో మందేమీ ఉండదు, ఆ రాగే పని చేస్తాది. పాలిచ్చేదానికీ ఏం కాదు. బిడ్డ కావాలనుకున్నప్పుడు తీసేస్తే అయిపాయ" అంది. ఆయనతో చెప్పాను. మరుసటి రోజు "నిన్ను మళ్ళా ఆ ఆసుపత్రి మంచం మింద సూడలేను. పోదాం పా" అన్నాడు. అత్తకు మాత్రం పాప టీకా అనే చెప్పి పోయాము. అది తప్పే. అప్పుడు అంతకంటే దారి తోచలేదు.

బల్ల మీద పడుకోమంటే నాకు సిగ్గుతో కాళ్ళు బిగుసుకుపోయాయి. "ఏమ్మా, బిడ్డను కన్నదానివి, ఇప్పుడేం సిగ్గు. నువ్వు బిగబట్టినావంటే నీకే నొప్పి. గాలి పీల్చి మెల్లగ వదులు" అంది నర్సమ్మ. చల్లటి ఇనుము తగిలింది. తరువాత పొత్తికడుపును పిడికిట పట్టి మెలిపెట్టినట్టు ఒక నొప్పి. ఎక్కువ సేపు లేదు, వంద లెక్కపెట్టేలోపల అయిపోయింది. లేవబోతే కళ్ళు తిరిగాయి. అరగంట అక్కడే పడుకోబెట్టింది. బయట ఆయన పాపను ఎత్తుకుని కిటికీ కింద అటూ ఇటూ తిరుగుతున్న చెప్పుల చప్పుడు వినిపించింది. అంత మందిలో ఆ చప్పుడు ఆయనదేనని గుర్తుపట్టాను.

వచ్చే ముందు నర్సమ్మ అన్నీ చెప్పింది. కొన్ని రోజులు నొప్పి ఉంటుంది, మొదటి కొన్ని నెలలు బయట చేరినప్పుడు ఎక్కువ పోవచ్చు, ఎక్కువ రోజులు ఉండొచ్చు. ప్రతి నెలా స్నానం అయ్యాక దారం తగులుతోందో లేదో వేలితో చూసుకోవాలి. జ్వరం వచ్చినా, వాసన వచ్చినా, నొప్పి తట్టుకోలేకపోయినా, దారం తగలకపోయినా వెంటనే రావాలి. కార్డు ఇచ్చింది. పాప టీకా కార్డు లోపల పెట్టి మడిచాను.

మగ్గం ముందు గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాము కదా. కింద పలకలు తొక్కినప్పుడల్లా కడుపులో పట్టేసేది. అన్నం తిన్నాక నొప్పి మాత్ర వేసుకునేదాన్ని. సీసాలో వేడి నీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి పొట్ట మీద పెట్టుకుంటే హాయిగా ఉండేది. నడుము వెనక బొంత మడత పెట్టుకున్నాను. నాలుగో రోజుకు చాలా తగ్గింది. ఇంతే కదా అనుకున్నాను.

తరువాత బయట చేరాను. ఇక్కడ ఒక పద్ధతి ఉంది అక్కా. ఆడది ఆ రోజుల్లో మగ్గం గుంతలోకి దిగకూడదు, పడుగు ముట్టకూడదు. వీధిలో అందరూ పాటిస్తారు. నాకు ఎప్పుడూ నాలుగు రోజులే. ఐదో రోజు తల స్నానం చేసి మగ్గం ఎక్కేదాన్ని. ఈ సారి ఐదు పోయాయి, ఆరు పోయాయి, ఆగలేదు. గడప పక్కన చాప మీదే ఉన్నాను. వంటంతా మా అత్త మీదే పడింది. నాకు వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేది, అంబట్లో మజ్జిగ పోసి తెచ్చి పెట్టేది. "తాగు మ్మే, ఎముకలు తేలినాయి చూడు" అనేది. నేను ఆమె మొహం చూడలేక, గ్లాసు అడ్డం పెట్టుకుని తాగేదాన్ని.

ఆరో రోజు షావుకారు వచ్చాడు. నా మగ్గం మీద ఎర్ర పెళ్ళి చీర సగంలో ఉంది. "ఏం శివా, నీ భార్య మగ్గం ఎక్కేది ఎప్పుడప్పా? పెండ్లోళ్ళు నా పాణం తీస్తాండారు" అని ఆయనతో అన్నాడు. నేను గడప దగ్గరే ఉన్నా నా వైపు చూడలేదు. మా అత్త మాత్రం చూసింది.

ఏడో రోజు పొద్దున ఆగిపోయిందని అబద్ధం చెప్పి తల స్నానం చేశాను. అప్పుడే దారం చూసుకున్నాను. తగిలింది. అక్కడే నా చెయ్యి నన్ను ముంచింది. పొద్దస్తమానం తెగిన పట్టు పోగులు అతుకుతూ ఉంటాను కదా. అతికిన పోగు కొసను లాగి చూడకుండా వదలను, నిలిచిందో లేదో తెలియాలి. వేళ్ళకు అదే అలవాటు. ఆ దారాన్నీ అలాగే లాగాను. కడుపులో ఒక్కసారిగా పోటు. గోడ పట్టుకుని నిలబడ్డాను. జారిపోయిందేమో, నేనే చెడగొట్టుకున్నానేమో అని చెమటలు పట్టాయి. అయినా పోయి గుంతలో కూర్చున్నాను. ఎవరితో చెప్పేది?

మధ్యాహ్నం లేచేసరికి నేను కూర్చున్న గోనె పట్టా మీద మరక. అన్నానికి పిలవడానికి వచ్చిన మా అత్త చూసింది. నేను చీర కుచ్చిళ్ళతో దాచబోయాను. ఆమె మొహం తెల్లబోయింది.

"మ్మే, ఏమిది? ఆగిపోయిందంటివే. మగ్గం ఎక్కినావే."

నేను ఏడ్చాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. ఆయన మగ్గం ఆపి తల దించుకుని కూర్చున్నాడు.

"రేయ్ శివా, నీకు తెలుసునా?" అంది.

ఆయన మగ్గం మీది గుడ్డను సరిచేశాడు.

"నిన్నే అడిగేది. తెలుసునా?"

ఆయన అప్పుడూ పలకలేదు. అక్కా, నొప్పి కంటే నాకు అది ఎక్కువ తగిలింది.

"మా చిన్నప్పుడు మా పక్క ఊర్లో ఒకామె పెట్టించుకుంటే అది లోపల్నే ఎక్కి గుండెకు తగులుకునిందంట. గర్భసంచి కుళ్ళిపోతాది. నాకుండేది ఒక్క కొడుకు, వానికుండేది ఒక్క బిడ్డ. నాకు తెలీకుండ ఇనుము పెట్టించుకుంటివే. రేపు పోయి తీయించుకో" అంది. అరవలేదు. కూర్చుని కండె చుట్టబోయి, మళ్ళీ పక్కన పెట్టేసింది.

మరుసటి రోజు ముగ్గురం పోయాము. లోపలికి మా అత్తే నాతో వచ్చింది. నర్సమ్మ చూసి, "దాని జాగాలోనే ఉండాది. ఏం కదల్లేదు. దారం తగుల్తాదో లేదో చూసుకోమంటే నువ్వు లాగి చూస్తివా? అది మగ్గమనుకుంటివా?" అంది. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. అది గుండెకు ఎక్కుతుందా అని మా అత్త అడిగింది. "ఆడ్నించి గుండెకు దోవ లేదవ్వా. ఎప్పుడో ఒకరికి పక్కకు జరుగుతాది, దానికే దారం చూసుకోమనేది. కుళ్ళేది ఏం లేదు. రెండు మూడు నెల్లకు ఈ పోవడం తగ్గుతాది, తగ్గకుంటే రాండి" అని ఐరన్ మాత్రలు ఇచ్చింది. తరువాత నన్నే చూసి అడిగింది. "తీసేదా, ఉంచేదా? నువ్వు చెప్పాల. మీయత్త కాదు, మీయాయన కాదు."

మా అత్త నా పక్కనే నిలబడి ఉంది. ఆమె చీర నా చేతికి తగులుతోంది. నేను నర్సమ్మ ముఖం చూడలేక ఆమె చెప్పులు చూస్తూ "తీయొద్దు" అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. అంత పెద్ద మాట నా జన్మలో అనలేదు.

ఇంటికి వచ్చాము. మా అత్త నీళ్ళు తాగి అంది: "కాన్పు చేసింది మీయమ్మ. ఆమె ఉంచుకోమంటే ఉంచుకో. తీయమంటే తీయించుకోవాల. ఆదివారం నేనే ఫోన్ చేసి అడుగుతా. అంతవరకు దీని మాట ఎత్తాకండి."

మా అత్త చెడ్డది కాదు అక్కా. భయపడింది. మోసపోయింది కూడా. తొలి కాన్పు చేసిన తల్లి మాటే చెల్లాలని ఆమె అనడం మన పద్ధతి ప్రకారం సబబే. కానీ అమ్మకు ఏం తెలుసు? డాక్టరమ్మ మాట వినలేదు. ఇనుము, గుండె, కుళ్ళు అని మా అత్త నోట వింటే అమ్మ భయపడి "అయ్యో, తీసేయమనండి" అనే అంటుంది. పైగా అడిగేది వియ్యపురాలు. ఆమెకు కాదని ఎలా చెబుతుంది?

అందుకే ఆ ఫోను రాకముందే నువ్వు అమ్మకు చెప్పాలి. డాక్టరమ్మ చెప్పింది చెప్పు. నువ్వు నీ చెవులతో విన్నావని చెప్పు. ఆ రోజు నాకు ఎక్కించిన రక్తం అమ్మ కూడా చూసింది, అది గుర్తు చేయి. నర్సమ్మ చూసి బాగుందని చెప్పిందని చెప్పు. నాయనకు వద్దు, అమ్మ ఒక్కదానికే. అమ్మకు చెప్పమని మీ మరిదిని అడగొద్దు, తన అత్తగారితో ఈ మాట ఆయన మాట్లాడలేడు. నిన్న నేను ఆయనతో మాట్లాడకుండా ఉంటే, ఆయనే వచ్చి "నేను చెప్పలేకపోతి. నువ్వన్నా రాసియ్యి, మీయక్కకు నా చేత్తో ఇస్తా" అన్నాడు. దానికే ఈ కాగితం.

నా ఆరోగ్యం గురించి దిగులు పడొద్దు. నిన్నటి నుంచి తగ్గింది. రేపు నిజంగానే స్నానం చేస్తాను. ఐరన్ మాత్రకు నోరు చేదుగా ఉంది, వీలైతే ఆయన చేతికి కొంచెం చింతకాయ తొక్కు పంపు. పాపకు నాలుగు పళ్ళు వచ్చాయి. గోడ పట్టుకుని నడుస్తుంది. పిల్లలకు నా ముద్దులు, బావకు నమస్కారాలు. అమ్మ నాయనల కాళ్ళకు నా తరఫున నువ్వే మొక్కు, ఎందుకని అడిగితే ఊరికే అను.

ఇంకొక్క మాట. నువ్వు చెప్పాక కూడా అమ్మ తీసేయమంటే, నేను తీయించుకోను. అది నేను గట్టిగా అనుకున్నాను. కానీ ఇరవై ఒక్క ఏళ్ళలో నేను అమ్మ మాట దాటలేదు, దాటితే ఎలా బతుకుతానో నాకు తెలియదు. ఆ పని నాతో చేయించొద్దని అమ్మను అడుగు.

నీ దీవెన కోరే చెల్లెలు,
భాగ్య