నన్ను తప్ప అందరినీ అడిగావు

కొత్తగూడ,
గురువారం మధ్యాహ్నం.

చిరంజీవి వసంతకు పెద్దక్క దీవెనలు.

ఇక్కడ ఎవరికీ జ్వరాలు లేవు, ఎవరి మీద ఎవరికీ అలకలు లేవు. అంతకంటే క్షేమం ఏముంటుంది? ఢిల్లీలో మీరూ అలాగే ఉండాలని రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకుంటాను.

నీ ఉత్తరం సోమవారం కొరియర్‌లో అందింది. అడిగినవి ముందు చెబుతాను. నా మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు పలుకుతోంది, దిగేటప్పుడు ఊరుకుంటోంది. తమ్ముడు రమేష్ కూతురికి బాచుపల్లి కాలేజీలో సీటు వచ్చింది. చదివేది పిల్ల, కాలరెగరేసేది వాడు. మా పరుగుల అకాడమీ హాస్టల్లో ఇప్పుడు ఇరవై ఇద్దరు ఆడపిల్లలు. కొత్తగా వచ్చిన వంటమనిషి రాజమ్మది కారం చెయ్యి. "గీ పులుసు తింటే వంద మీటర్లు పది సెకన్లల్ల ఉరుకుతం రాజమ్మా" అని పిల్లలు ఆమెను ఏడిపిస్తున్నారు. ఆమె ఇంకో చెంచా ఎక్కువ వేస్తోంది.

ఫోన్లో మాట్లాడవచ్చు కదా అని నువ్వు అనుకోవచ్చు. నీ గొంతు వింటే సగం చెప్పి ఆపేస్తాను. అందుకని రాస్తున్నాను.

"ఆ పిల్లను అందరి ముందు అలా అడిగి తప్పు చేశానా అక్కా" అని రాశావు. మూడు రోజులు ఆలోచించాను. తప్పు చేయలేదు.

పోయిన నెల నువ్వు మీ పేపరు తరఫున ఇక్కడికి వచ్చిన ఆ ప్రెస్‌మీట్‌కు పిల్లలతో నేనూ వచ్చాను. మజ్జిగ గ్లాసులు పట్టుకుని వెనక నిలబడ్డాను. నువ్వు చూసి కూడా చూడనట్టే ఉన్నావు. మా హాస్టల్ పిల్ల యశస్విని డోపింగ్ మందుల పరీక్షకు మూడోసారి దొరకలేదని, ఇక ఆట నుంచి తీసేయవచ్చని అప్పటికే ఊరంతా తెలుసు. అయినా నీకంటే ముందు లేచిన ఒకాయన ఆమెకు ఇష్టమైన కూర ఏదని అడిగాడు. ఇంకొకాయన ఇష్టమైన హీరో ఎవరన్నాడు. పిల్ల రెండింటికీ నవ్వింది. తర్వాత నువ్వు లేచావు.

"రోజుకో గంట ఫలానా చోట ఉంటానని నువ్వే రాసిచ్చావు. ఏడాదిలో మూడుసార్లు పరీక్ష చేసేవాళ్లకు దొరకలేదు. మూడోసారి ఎక్కడున్నావు?"

"హాస్టల్ల, నా రూంలనే ఉన్న మేడం."

"ఉన్నావని చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేరు మేడం. నా రూమ్మేట్ ఊరికి పోయింది."

"గదిలోనే ఉంటే వాళ్లకు ఎందుకు దొరకలేదు?"

పిల్ల నోరు తెరిచి మూసుకుంది. నువ్వు మాట అందించలేదు, బెదిరించలేదు. ఎదురుచూశావు. కోచ్ మునిస్వామే ఆగలేకపోయాడు.

"పిల్లను పరేషాన్ చేస్తున్నరు. మీరు గూడ ఆడమనిషే గద మేడం, జర చూసి అడగాలె."

"మగపిల్లాడైతే ఇంకోలా అడగమంటారా సార్? అయితే ఇదే ప్రశ్న మీకు. ఆ పొద్దున ఆమె ఎక్కడుందో మీకు తెలుసా?"

ఆయన కూర్చున్నాడు.

మర్నాడు మీ పేపర్లో నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. గదిలోనే ఉన్నానని ఆమె అన్న మాట అన్నిటికంటే పైన ఉంది. మొదటి రెండుసార్ల సంగతీ ఆమె మాటల్లోనే ఉంది. ఒకసారి చుట్టాల పెళ్లికి పోతూ అడ్రసు మార్చడం మరిచింది, ఇంకోసారి నాన్నకు ఒంట్లో బాగాలేదని ఆయన దగ్గర పడుకుంది. ఆ రెండూ ఆమె పొరపాట్లే, ఆమే ఒప్పుకుంది. మందు తీసుకుందని నువ్వు ఎక్కడా రాయలేదు. నిన్ను ఫోన్లలో తిట్టినవాళ్లలో ఇదంతా చదివినవాళ్లు తక్కువ. ఎదురుగా నిలబడి అడిగావు, చెప్పింది చెప్పినట్టు రాశావు. కూర గురించి అడిగినాయన ఆమెకు మేలు చేశాడని నేను అనుకోను.

కానీ వసంతా, నువ్వు అందరినీ అడిగావు, నన్ను తప్ప.

ఎందుకో తెలుసు. అక్కను అడ్డం పెట్టుకుని వార్త లాగిందని ఎవరూ అనకూడదు. నీ ఉత్తరంలో కూడా "హాస్టల్ సంగతులు నీకేం తెలిసినా నాకు చెప్పకు" అని రాశావు. అది నీ నియమం. నేను దాని చాటున దాక్కున్నాను. నువ్వు అడగకూడదనుకుంటే మీ పేపరు నుంచి ఇంకొకరిని నా దగ్గరికి పంపాల్సింది. ఇందులో నీ తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే. మిగిలింది నాది. చెబుతాను.

శ్రావణంలో ఒక ఆదివారం. పిల్లలకు సెలవు రోజు, అందరూ పడుకుని ఉన్నారు. ఐదున్నరకు గేటు దగ్గర ఒక ఆయన, ఒకావిడ నిలబడి యశస్విని కావాలన్నారు. ఎవరని అడిగాను. ఆఫీసు పని, ఆమెతోనే మాట్లాడాలి అన్నారు. కార్డు చూపించారు. నాకు కళ్లజోడు లేదు, లోపలికి వెళ్లి తెచ్చుకోలేదు. దానికి నెల ముందు నుంచి బైకుల మీద కుర్రాళ్లు వచ్చి పిల్లల పేర్లు పెట్టి అడిగి పోతున్నారు. అప్పటి నుంచి తెలియనివాళ్లు ఎవరొచ్చినా నాది ఒకటే జవాబు. ఆడపిల్లల హాస్టల్లో పనిచేసిన ఏ వార్డెన్‌ను అడిగినా ఇదే చెబుతుంది.

"ఆ పిల్ల ఇక్కడ లేదు, ఊరికి పోయింది."

వాళ్లు పోలేదు, కారులో కూర్చున్నారు. ముగ్గు వేయడానికి వెళ్తే ఇంకా ఉన్నారు. నాకు అనుమానం పెరిగింది. అద్దం తట్టి, "లేదని చెప్పిన గద, ఇగ పోరాదుండ్రి" అని రెండోసారి గట్టిగా చెప్పాను. వాళ్లు ఆమె ఫోనుకు కూడా చేశారట. రాత్రి తొమ్మిదికి పిల్లల ఫోన్లు తీసుకుని నా బీరువాలో పెట్టి తాళం వేసే పద్ధతి నేను తెచ్చిందే. ఆ ఫోను బీరువాలో మోగింది. పిల్ల పైన రెండో అంతస్తులో నిద్రపోతోంది. గంట నిండగానే వాళ్లు వెళ్లిపోయారు. ఒక బిడ్డను కాపాడానని తృప్తిగా వెళ్లి దీపం పెట్టాను.

రెండు వారాలకు ఆమెకు నోటీసు వచ్చింది, మూడోసారీ దొరకలేదు కాబట్టి విచారణ ఉంటుందని. తారీఖు చూడగానే ఆ రోజు గేటు దగ్గరికి వచ్చింది పరీక్షవాళ్లని నాకు అర్థమైంది. ఆ పూట చెప్పి ఉంటే పోయేది. నేనూ నోరు తెరిచి మూసుకున్నాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని మూడు నెలలు గడిపాను. ఆ పిల్లను కాపాడమని రోజూ దేవుణ్ణి అడిగాను. కాపాడే మాట నా నోట్లోనే పెట్టుకుని అడిగాను.

పదిహేను రోజుల కింద యశస్విని వాళ్ల నాన్న రామన్న వచ్చాడు. రాయదుర్గంలో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ. ఆ బట్టల మీదే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు దగ్గరుండి చూస్తవు. నా బిడ్డ మందులు గిట్ల తిన్నదంటవా?"

"తినలే అన్నా."

"మరి రూంల ఉన్న పిల్ల ఎట్ల దొరకలే? మా గేటు కాడ ఎవరన్న వస్తే నేను లోపలికి ఫోన్ చేసి అడుగుత. నువ్వు గూడ గేటు మనిషివే గద. నీకేమన్న ఎరుకనా?"

చూశావా, నువ్వు వదిలేసిన ప్రశ్న. చదువుకోని మనిషి మూడో మాటకే అక్కడికి వచ్చాడు. అబద్ధం చెప్పడానికి నాకు ఒక క్షణం ఉంది. చెప్పలేదు.

విన్నాడు. చాలాసేపు తన టోపీ అటూ ఇటూ తిప్పాడు. తిట్టలేదు. "నాకు చెప్పినవు, మంచిది. బిడ్డకు గూడ నువ్వే చెప్పు" అని లేచిపోయాడు.

చెప్పాను. యశస్విని రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నేను వడ్డిస్తే తినలేదు. మూడో రోజు నేను బియ్యం ఏరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాకెందుకు చెప్పలే పెద్దమ్మా?"

"కొలువు పోతదని భయమైంది."

"గంతేనా?"

నీలాగే ఊరుకుని చూసింది. ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు.

"కాదు," అన్నాను. "భాగ్యమ్మ ఉన్నదంటే పిల్లల ఫికర్ లేదని మీ అమ్మానాయినలు అంటరు. ఆ మాట పోతదని."

"ఆడ నా పేరు పోతుంటే, నువ్వు నీ పేరు చూస్కున్నవు."

"చూస్కున్న."

ఇంకో రాయి ఏరి పక్కన పడేశాను. మళ్లీ ఆమే అడిగింది.

"ఇదంత విచారణల చెప్తవా, కాగితం రాసి పంపుతవా?"

"వచ్చి చెప్త."

"మస్తు గట్టిగ అడుగుతరు."

"అడగనియ్యి."

చేట తన వైపు లాక్కుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. క్షమించిందని నేను అనుకోవడం లేదు. కానీ ఆ రాత్రి నేను వడ్డించింది తిన్నది. మర్నాటి నుంచి మళ్లీ ట్రాక్ మీదకు పోతోంది.

మునిస్వామికీ చెప్పాను. "మీరు చెప్పకుంటే ఎవరికి ఎరుకైతదమ్మా" అన్నాడు. "నాకు ఎరుకనే గద సారూ" అన్నాను. అకాడమీ వాళ్లు నా కొలువు సంగతి విచారణ అయ్యాక చూద్దామన్నారు. ఫోన్ల తాళం తీసేశాను. కళ్లజోడు ఇప్పుడు మెడలో తాడుకే ఉంటోంది. యశస్విని తరఫు వకీలు, విచారణకు ముందు నేను రాసిచ్చిన కాగితం చదివి, ముందే ఇచ్చి ఉంటే బాగుండేదన్నాడు. ఇప్పుడైనా పనికొస్తుంది, వచ్చినవాళ్లు రాసుకున్న దానిలో కూడా గేటు దగ్గర ఒక పెద్దావిడ రెండుసార్లు లేదని చెప్పిందని ఉంది అన్నాడు. ఆ పెద్దావిడ ఎవరో ఇన్నాళ్లూ తేలలేదు, అంతే. గెలుస్తామని మాట ఇవ్వలేదు. అయితే మొదటిసారి ఆ పిల్ల ముందు నవ్వాడు.

ఇప్పుడు నీతో పని. ఇది నువ్వు రాయవద్దు. మీ ఎడిటర్‌కు నేను ఎవరినో చెప్పి, ఇంకొకరికి ఇవ్వమను. వచ్చేవాళ్లు నా వయసు చూసి మెత్తబడకూడదు. "భయపడ్డారా అమ్మా" అని జవాబు కూడా వాళ్లే అందించి నన్ను గట్టెక్కించకూడదు. మూడు నెలలు ఎందుకు ఊరుకున్నావని అడిగి, నేను చెప్పేదాకా కూర్చోమను. నా పేరు మార్చవద్దు. ఫోటో కావాలంటే గేటు దగ్గర తీసుకోమను.

విచారణ వచ్చే నెల పన్నెండున, ఢిల్లీలోనే. రామన్న ముగ్గురికీ టికెట్లు తీశాడు. స్టేషన్‌కు రాకు. మీ ఇంట్లో దిగను, అది అయ్యేదాకా నీకు ఫోనూ చెయ్యను. కోపం అనుకోకు. అయ్యాక, తీర్పు ఎప్పుడొచ్చినా ఎలా వచ్చినా, ఆ సాయంత్రమే వచ్చి నీ చేతి అన్నం తింటాను.

యశస్విని కూడా వస్తానంటోంది. నిన్ను అడగాల్సినవి తన దగ్గర నాలుగు ఉన్నాయట. ఒకటి నాకు చెప్పింది, బాగా గట్టిది. మిగతావి చెప్పలేదు. ఏమిటో నేను కూపీ లాగను, నువ్వూ నన్ను అడగకు. వచ్చి ఎదురుగా కూర్చుని అడుగుతుంది. జవాబు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దక్క,
భాగ్యమ్మ.