ఎరుపు నుంచి ఆకుపచ్చకి

నాన్నా,

నువ్వు మమ్మల్ని వదిలి పోయి ఇవాళ్టికి ఏడాది. నా ప్రాజెక్టు పరీక్ష కూడా ఇవాళే పడింది.

కంటికి కనపడనంత చిన్న బంగారు రేణువుల్ని ఒక జెల్‌లో కలిపాను. వేడి తగిలితే జెల్ ముడుచుకుని రేణువులు దగ్గరవుతాయి. అప్పుడవి వెదజల్లే కాంతి ఎర్రగా ఉంటుంది. చల్లారితే మళ్లీ ఆకుపచ్చ రావాలి. ఇదివరకు రెండుసార్లు రాలేదు. ఈసారీ రాకపోతే ఆర్నెల్ల పని వృథా.

హీటర్ ఆపాను. మైక్రోస్కోప్ తెర మీద ఎరుపు కదల్లేదు. పరీక్షకుడు ఆవులించాడు. అంతలో ఒక అంచున పచ్చదనం మొదలై మెల్లగా పాకింది. నా చెయ్యి దానంతటదే ముందుకు లేచింది. "గ్రీన్!" అని అరిచాను, రైలింజన్‌లో నువ్వు సిగ్నల్ చూసి చెయ్యి చాచి అరిచినట్టు. వెంటనే వెనక నుంచి నా స్నేహితురాలు రాజీ కూడా "గ్రీన్!" అంది. వాళ్ల నాన్నా డ్రైవరే కదా!

పరీక్షకుడు బిత్తరపోయి, "కౌన్ సీ గాడీ?" అన్నాడు, ఏ బండి వస్తోందన్నట్టు. అందరూ ఒకటే నవ్వు.

పాసయ్యాను. తార్‌బహార్ పేటలో మన ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను.

"అచ్ఛా! అయితే రాజీకీ సగం మార్కులివ్వాలే," అంది అమ్మ. "ఇంజన్‌లో పక్క సీటోడు తిరిగి 'గ్రీన్' అనకుండా మీ నాన్న ఏనాడైనా బండి కదిపాడేటి?"