యుద్ధం మొదలయ్యే ముందు గంట కొట్టవలెను

సినిమా హాలు మేనేజరుగారికి నమస్కారాలు.

మీ ఎదురు సందులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీని. ప్రతి ఆదివారం మ్యాట్నీకి ఇంటావిడతో వచ్చి, వెనక నుంచి మూడో వరసలో కూర్చునే బట్టతల మనిషిని నేనే.

ఈ మధ్య మీరు వేసేవన్నీ యుద్ధాలు, లేకపోతే ఊపిరి బిగబట్టి చూడాల్సినవి. మొన్నటి సినిమాలో సైనికుడు బాంబు ముందు కూర్చుని ఎర్ర తీగ కత్తిరించాలా, పచ్చ తీగ కత్తిరించాలా అని పావుగంట ఆలోచించాడు. కత్తెర పట్టుకుని నేను అంతసేపు ఆలోచిస్తే నా కొట్టు ఎప్పుడో మూతపడేది. గుండె దడ తట్టుకోలేక వరండాలోకి పోయాను. కాసేపాగి టిక్కెట్లు చింపే ఆయన్ని "పేలిందా?" అని అడిగితే, "రోజుకి మూడుసార్లు పేల్తుంది, మీకే ఆట కావాలి?" అన్నాడు.

జలాంతర్గామి సినిమాలో పదిమంది రెండు గంటలపాటు చెమటలు కక్కుతూ పైకి చూశారు. నేనూ పైకి చూశాను. మీ ఫ్యాను తిరగడం లేదు.

టెన్షను సీనుకి ముందు ఇంటర్వెల్ గంట కొట్టించండి. నాబోటివాళ్ళం లేచి బయటికి పోతాం.

ఇట్లు, దడ తగ్గని
దర్జీ

తా.క. మా ఇంటావిడ మాత్రం రెప్ప వెయ్యదు. నేను వరండాలో ఉన్నప్పుడల్లా నా పల్లీలు కూడా తినేస్తోంది. గంట విషయంలో ఇదీ ఆలోచించండి.

---

దర్జీగారికి,

గంట ఒక్కటే ఎందుకండీ? ఎవరు చస్తారో ఎవరు బతుకుతారో టిక్కెట్టుతో పాటు చీటీ రాసిస్తాం. వరండాలో మంచాలు వేయిస్తాం. బాంబు పేలే ముందు నేనే వచ్చి మీ చెవులు మూస్తాను.

ఇట్లు, వేరే పనేమీ లేని
మేనేజరు

తా.క. మొన్న ఆదివారం హాల్లో ఉన్నది పదిహేడు మంది. అందులో మీరు వరండాలో ఉన్నారు. ఇంక ఫ్యానెవరికండీ?

---

దయగల మేనేజరుగారికి,

మీ ఉత్తరం ఫ్రేము కట్టించి కొట్లో అద్దం పక్కన తగిలించాను. కొలతలకి వచ్చిన ప్రతి మనిషికీ చదివి వినిపిస్తున్నాను. చేతులు చాపి నిలబడ్డవాడు ఎక్కడికి పోతాడు, వినక తప్పదు. పోస్టుమాస్టరుగారు, పళ్ళ డాక్టరుగారు, లెక్కల మేడం, అందరిదీ నా జబ్బేనట. పైకి చెప్పుకోలేక సినిమాలు మానేశారు పాపం.

ఆదివారం నలభై మందిమి వస్తున్నాం. చీటీలు పెద్ద అక్షరాలతో రాయించండి. మంచాలొద్దు, బెంచీలు చాలు.

మీ మేలు మరవని
దర్జీ

తా.క. చెవులు మూసేటప్పుడు చేతులు వెచ్చగా ఉంచుకోండి. పళ్ళ డాక్టరుగారికి చల్లటి చేతులు పడవట.

---

దర్జీగారూ,

అది వెటకారమండీ. మనుషులన్నాక అర్థం చేసుకోవాలి కదా.

వచ్చింది నలభై కాదు, తొంభై మంది. చీటీల్లేవంటే మీ ఫ్రేము ఎత్తి చూపించారు. కింద నా సంతకం. ఇంకేం చేస్తాను, ఆపరేటరూ నేనూ కూర్చుని రాశాం: "సార్జెంటు చస్తాడు. గుర్రం బతుకుతుంది." గంట కొట్టినప్పుడల్లా సగం హాలు బయటికి, మళ్ళీ లోపలికి. పళ్ళ డాక్టరుగారు నిజంగానే వచ్చి నా ముందు తల వంచి నిలబడ్డారు. మూశాను.

అసలు సంగతి చెప్తున్నాను, ఎవరితోనూ అనకండి. నెలాఖరుకి హాలు మూసేసి సిమెంటు గోడౌను చెయ్యాలని ఓనరుగారి ఆలోచన. ఆఖరుసారి చూసుకోడానికి ఈ ఆదివారం వస్తున్నారు. ఇరవై రెండేళ్ళుగా ఈ హాలు తాళాలు నా జేబులోనే ఉన్నాయి. ఈ గంటలూ ఈ పరుగులూ ఆయన కంటపడితే అక్కడే తాళాలు అడుగుతారు. నాకు భయంగా ఉంది. ఈ ఒక్క ఆదివారం మీరెవరూ రావద్దు.

చేతులు జోడించి,
మేనేజరు

తా.క. గుర్రం చచ్చిందని ఒకావిడ గొడవ పెట్టుకుంది. చావలేదు, పడుకుందని చెప్పండి.

---

మేనేజరుగారికి,

వెటకారం ఎలా పట్టుకోవాలో మీ దయవల్ల నేర్చుకున్నాను. "మీరెవరూ రావద్దు" అన్నారంటే అందర్నీ రమ్మనేగా. నూట ఇరవై మందిమి వస్తున్నాం.

ఇట్లు, తెలివి వచ్చిన
దర్జీ

తా.క. గుర్రం సంగతి ఆవిడకి చెప్పాను. ఇంకోసారి చూస్తేగానీ నమ్మదట.

---

దర్జీగారికి,

ఇప్పుడే హాలుకి తాళం వేసి, వరండా బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

ఓనరుగారు వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. గంట కొట్టించొద్దనుకున్నాను. కానీ మీ జనం "గంటేదీ, గంటేదీ" అంటుంటే ఆపరేటరు భయపడి కొట్టేశాడు. అందరికంటే ముందు వరండాలోకి పరిగెత్తింది ఎవరనుకున్నారు? ఓనరుగారు. బెంచీ మీద పోస్టుమాస్టరుగారి పక్కన చతికిలబడి, "కెప్టెను బతుకుతాడా?" అని అడిగారు. చీటీ ఇచ్చాను. చదువుకుని లోపలికి పోయి ఆఖరుదాకా చూశారు. పోతూ పోతూ, "గోడౌను సంగతి తర్వాత చూద్దాంలే, ముందా ఫ్యాను బాగుచేయించు" అన్నారు.

మీ అమాయకత్వం నా ఉద్యోగం నిలబెట్టింది. మిమ్మల్ని విసుక్కున్నందుకు సిగ్గుపడుతున్నాను.

తాళాలు జేబులోనే ఉన్న
మేనేజరు

---

మేనేజరుగారికి,

సిగ్గెందుకండీ. ఓనరుగారి ప్యాంట్లు మొదట్నుంచీ నేనే కుడుతున్నాను. రెండు నెలల కిందట నడుం కొలుస్తుంటే నోరు జారారు: "తుపాకీ శబ్దానికి నా కాళ్ళు నిలవవోయ్. నా హాల్లో నేనే కూర్చోలేనప్పుడు ఆ హాలెందుకు, గోడౌను చేసేస్తా" అని. ఆ సాయంత్రమే మీకు మొదటి ఉత్తరం రాశాను.

ముప్పై ఏళ్ళుగా మా ఇంటావిడతో కాపురం చేస్తున్నవాణ్ణి, నాకు వెటకారం తెలీదనుకున్నారా?

ఇట్లు, మూడో వరస
దర్జీ

తా.క. గంట మాత్రం మానకండి. నేనిప్పుడు వరండాలోకి పోవడం లేదు. గంట వినగానే ఇంటావిడ పల్లీలు పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంటోంది. వచ్చే వారం కాస్త పొడుగాటి యుద్ధం వెయ్యండి.