ముందుగా చెప్పని పరీక్ష

జనవరి 9, స్టవాంగర్

గ్యాస్ లీకైతే బావుల దారి మూసేసే వాల్వులు సముద్రంలోని మా చమురు ప్లాట్‌ఫాం మీద పన్నెండు. పదేళ్ల పరీక్షల్లో ఒక్కటీ ఫెయిల్ కాలేదట. అందుకని ఏడాదికొక పరీక్ష అక్కర్లేదు, మూడేళ్లకొకటి చాలంటోంది కంపెనీ. ఫెయిల్యూర్ రేటు లెక్కకట్టి సంతకం చేయాల్సింది నేను.

ఉత్తర సముద్రంలో తుప్పెరగని ఇనుమా? ఆ సున్నాను నేను నమ్మను.

జనవరి 10

నా భార్య గున్‌వోర్ పోయినా, ఆమె కప్పు ఇంకా కొక్కేనికే ఉంది. పక్కింటామె ఎలా ఉన్నావంటే బావున్నానన్నాను.

జనవరి 14, ప్లాట్‌ఫాం

శనివారం, అందరికీ వాఫుల్స్, అంటే తీపి అట్లు. ఫోర్‌మన్ ఓడ్వార్ నా పళ్లెంలో రెండోది వేసి, ఏం లెక్కల పంతులూ, మా వాల్వుల మీద నీకేం పగయ్యా, అన్నాడు. పరీక్ష ఎలా చేస్తారని అడిగాను. ముందురోజు సాయంత్రం గ్రీజు పెట్టి, ఓసారి తిప్పి చూసుకుంటామన్నాడు గర్వంగా. మే పదిహేడు జాతీయ దినం ఊరేగింపుకి బూట్లు తుడవకుండా వెళ్తావేంటి నువ్వు, అన్నాడు. అందరూ నవ్వారు.

ఏడాదంతా బిగుసుకున్న వాల్వు ఆ సాయంత్రమే వదులవుతుంది. మర్నాడు పాస్. లీకు ముందురోజు కబురు పెట్టి రాదు.

జనవరి 15

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు గున్‌వోర్ పొద్దుటంతా పడుకుని, లిప్‌స్టిక్ వేసుకుని బయల్దేరేది. ఆయన బావుందనే రాసుకునేవాడు.

మేనేజర్ బ్యోర్గ్‌ని అడిగాను, ఎవరికీ చెప్పకుండా రేపు వాల్వులన్నీ మూయించండని. ఉత్పత్తి ఆగితే పై ఆఫీసుకు మీరు జవాబు చెప్తారా, అంది. మళ్లీ తనే, మా తమ్ముడూ ఇక్కడే పనిచేస్తున్నాడు, పొద్దున్నే మూయిస్తా, అంది.

జనవరి 16

పది మూసుకున్నాయి. రెండు కదల్లేదు!

కంట్రోల్ రూంలో ఓడ్వార్ ముఖం పాలిపోయింది. తర్వాత నా వీపు మీద గట్టిగా చరిచి, గెలిచావు పో పంతులూ, ఆ రెండూ ఏటా నేను స్వయంగా గ్రీజు పెట్టినవేనయ్యా, అన్నాడు.

కొత్త రేటు వేశాను. ఇక మూడు నెలలకొక పరీక్ష, చెప్పకుండా. మొండికేసిన రెండింటి స్థానంలో కొత్తవి. సంతకం పెట్టాను. చాలాకాలానికి కడుపునిండా తిన్నాను.

మే 20

లీక్. నిజమైనది.

పన్నెండూ మూసుకున్నాయి! ఒక్కరికీ గోరంత గాయం లేదు. ఓడ్వార్ ఫోన్‌లో ఏడుస్తూ నవ్వాడు. పంతులూ, ఈసారి ఎవడూ గ్రీజు పెట్టలేదయ్యా, అని మూడుసార్లు చెప్పాడు. వెనకాల బ్యోర్గ్ తమ్ముణ్ని తిడుతోంది, అక్కడే నిలబడ్డావేంట్రా, అమ్మకి ఫోన్ చెయ్, అని.

మే 21

పక్కింటామె ఎలా ఉన్నావంది. బాగాలేనన్నాను. లోపలికొచ్చి, గున్‌వోర్ కప్పులో కాఫీ తాగి వెళ్లింది.