ల్యాబ్‌లో లేని సాఫ్ట్‌వేర్

మంగళవారం, రాత్రి

ఈరోజు క్లాసయ్యాక శ్రావణి నా కోసం ఆగింది. వాళ్ల నాన్న ఈ ఊళ్లోనే, మగ్గాల పేట లింబాయత్‌లో పవర్‌లూమ్ నడుపుతాడు.

"మేడం, డిజైన్ సాఫ్ట్‌వేర్ ల్యాబ్‌ల లేదు. మా ఇంట్ల లాప్‌టాప్ లేదు. మీరిచ్చిన అసైన్‌మెంట్ ఎట్ల చెయ్యాలె?" అంది.

తప్పు నాదే. ల్యాబ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ కావాలో సెమిస్టర్ ముందే రాసిమ్మన్నారు. పిల్లలందరికీ లాప్‌టాప్‌లు ఉంటాయనుకుని, ఎవరినీ అడగకుండానే "అవసరం లేదు" అని రాసిచ్చాను.

వెంటనే ల్యాబ్ చూసే మహేశ్‌భాయ్ దగ్గరికి వెళ్లి ఆ సంగతి ఒప్పుకున్నాను. గడువు దాటిపోయిందని విసుక్కుంటూనే, శనివారం వచ్చి నాలుగు కంప్యూటర్లలో వేస్తానన్నాడు.

శ్రావణికి చెప్పాను. "నాలుగు చాలు మేడం. మేం సర్దుకుంటం" అంది, ఎంతో తేలిగ్గా.

"మేం" అంది. అలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో నేనింకా అడగనే లేదు...