చేప తినని కెమిస్టమ్మ

భవానీపూర్, కలకత్తా
14-9-2003

పూజ్యురాలైన అమ్మకు ప్రసూన నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. క్షేమమేమిటమ్మా, కాళ్ళు నేల మీద ఆనడం లేదు! నువ్వు, నాన్నగారు, మోకాళ్ళ నొప్పులతో సహా బామ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నాన్నగారికి ఉత్తరాలు నువ్వే పైకి చదువుతున్నావు కదా, ఈ ముక్క వీధిలోకి వినబడేలా చదువు: మా టౌన్‌షిప్పుకి నీటి పర్మిషన్ వచ్చేసింది! నిన్న కాగితం చేతికి రాగానే ఆఫీసంతా మిష్టి దోయి, అదే తీపి పెరుగు, పంచారు. సిగ్గు విడిచి రెండు ముంతలు లాగించాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. జ్వరం ఎప్పుడో పోయింది. నువ్వు పంపిన చింతకాయ పచ్చడి సగం సీసా మా ఇల్లుగలావిడ ఖాళీ చేసింది, బెంగాలీలకి మన కారం పడదన్నది ఉత్తమాట. ఇక "భేరీల దగ్గర నీకేం పని, గుళ్ళో వాయిస్తున్నారా?" అని రాశావు చూడు, అది చదివి పడీ పడీ నవ్వాను. మోగించే భేరి కాదమ్మా! ఇక్కడ భేరీ అంటే చేపల చెరువు. కాలవలో వచ్చే ఊరి మురుగునీళ్ళని అందులోకి మళ్ళించి చేపలు పెంచుతారు. మా కంపెనీ కట్టే ఇళ్ళ వాడకం నీళ్ళు శుభ్రం చేసి ఆ కాలవలోకే వదలాలి. వాటివల్ల చేపలకి హాని లేదని కెమిస్టు సంతకం పెడితేనే కొత్త ఇళ్ళకి పర్మిషన్. ఆ కెమిస్టుని నేనే.

నువ్వు బెంగ పెట్టుకుంటావని ఇన్నాళ్ళూ రాయలేదు. జనవరిలో ఆ చెరువులున్న ఊళ్ళో బహిరంగ సభ పెట్టారు. నేను రిపోర్టు చదివి కూర్చున్నాను. చెరువుల మీద బతికేవాళ్ళలో నోరున్న మనిషి శెఫాలి మాసి లేచి నిలబడింది. "ఈ నీళ్ళల్లో పెరిగిన చేప నువ్వు తింటావా, మా?" అంది. ఇక్కడ ఆడపిల్లల్ని ముద్దుగా 'మా' అంటారులే, మాసి అంటే పిన్ని. నేను తడుముకోకుండా, "నేను చేప తినను మాసీ" అన్నాను.

అంతే! సభ గొల్లుమంది. "మేం బ్రాహ్మలం, తినం" అన్నాను. ఇంకా నవ్వారు. ఇక్కడి బ్రాహ్మలు పెళ్ళిలో చేపకి బొట్టుపెట్టి మరీ వియ్యాలవారింటికి పంపుతారు, వాళ్ళకి నా మాట ఎక్కడ ఎక్కుతుంది? "చేప తినని బ్రాహ్మలుంటారా? నీళ్ళల్లో విషముంది కాబట్టే తిననంటోంది!" అని ఒకటే గోల. అధికారులు దరఖాస్తు పక్కన పెట్టేశారు.

తిరిగి వస్తుంటే మా పెద్దసారు ఘోషాల్ గారు కారులో నిప్పులు చెరిగారు. "ఒక్క ముక్క నోట్లో వేసుకుంటే ఏం పోయేది? ఇంత ప్రాజెక్టూ నీ నోటి దగ్గర ఆగింది. నువ్వే చక్కబెట్టు, లేకపోతే వేరే ఉద్యోగం చూసుకో" అన్నారు. వెనక సీట్లో శాంపిళ్ళు పట్టే అప్పలసూరి ఉన్నాడు. ఇక్కడి గార్డెన్ రీచ్ పేటలో పుట్టిన శ్రీకాకుళం మనిషి. సారుకి అర్థం కాకుండా తెలుగులో అడిగాడు, "ఏటి ప్రసూనమ్మా, మీ ఆచారం మాట అలాగుంచండి. అదే నేకపోతే ఆ సేప తిందురా? నిజం సెప్పండి."

ఒళ్ళోని రిపోర్టు తెరిచి మళ్ళీ చూశానమ్మా. మామూలు రోజుల్లో మా నీళ్ళు మంచివే, రిపోర్టులో ఉన్నది నిజమే. కానీ పెద్ద వాన కురిస్తే ట్యాంకు పొంగి, సగం శుభ్రమైన నీళ్ళే కాలవలో పడతాయి. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మర్నాడు సారు గదిలోకి వెళ్ళాను. "వాననీటికి వేరే ట్యాంకు కట్టించండి సార్. వానాకాలంలో కూడా నీళ్ళు బాగుంటే ఊరందరి ముందూ నేనే చేప తింటాను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. పని ఎలాగూ ఆగిపోయి ఉంది, వేరే దారీ లేదు. కట్టించారు! శ్రావణం వానల్లో నేనూ అప్పలసూరీ ఒకే గొడుగు కింద సీసాలు నింపాం. నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. ల్యాబులో గంతులేశాను.

అమ్మా, ఇక్కడ్నించి నాన్నగారికి పైకి చదవకు. నీలో నువ్వే చదువుకో.

పోయిన ఆదివారం మళ్ళీ సభ జరిగింది. శెఫాలి మాసి తన భేరీలో పట్టిన రుయి చేపని ఆవపిండి వేసి వండి, అన్నంతో అరిటాకులో తెచ్చిపెట్టింది. ముళ్ళు తనే ఏరింది. నాన్నగారు ఔపోసన పట్టేటప్పుడు చేసినట్టు ఆకు చుట్టూ నీళ్ళు తిప్పాను. నాకెన్నడూ అలవాటు లేని పని, చెయ్యి దానంతటదే చేసింది. తిన్నానమ్మా. ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాను. కళ్ళమ్మట నీళ్ళు కారాయి, ఆవ ఘాటు అని చెప్పాను. శెఫాలి మాసి తన కొంగుతో నా మూతి తుడిచి, "ఇప్పుడు పెట్టు సంతకం" అంది. ఊరంతా చప్పట్లు! "గంగమ్మతల్లి సూసిందమ్మా, తప్పునేదు" అన్నాడు అప్పలసూరి.

దసరాకి వస్తాను. నాకు వేరే కంచం పెడతావో, బామ్మ చేత పంచగవ్యమే పోయిస్తావో నీ ఇష్టం. మళ్ళీ తినను. తిన్నందుకు మాత్రం విచారం లేదు.

రాసినదంతా ఇప్పుడే చదువుకున్నాను. వద్దమ్మా, దాచకు, ఇది కూడా పైకే చదివెయ్. నాకీ ఉద్యోగం వచ్చినప్పుడు రైలు కిటికీ పట్టుకుని నాన్నగారే అన్నారు, "ఎంగిలి చెయ్యి కడుక్కుంటే పోతుంది గాని, తప్పుడు సంతకం ఎంత కడిగినా పోదే తల్లీ" అని.

కడిగితే పోయేదే చేశాను, నాన్నగారూ.

ఇట్లు,
మీ చిన్నమ్మాయి
జ్ఞానప్రసూన